ఉక్కునగరపు కుమారుడు

భిలాయి నగరానికి స్థలపురాణం లేదు, ప్రణాళిక ఉన్నది. సోవియట్ రష్యాతో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా అచ్చట ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు దాని మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. చుట్టూ సెక్టార్లు, సెక్టార్లలో క్వార్టర్లు ఏర్పడ్డాయి. తెలుగువారితో సహా నానా ప్రాంతాల కుటుంబాలు వచ్చి చేరాయి. ఇటువంటి ఊరిలో తండ్రి ఉద్యోగం అన్నం పెట్టుటతో ఆగదు. ఇల్లు, బడి, ఆసుపత్రి సమస్తమూ దానినుండియే లభిస్తాయి. కనుక ఇంజనీరింగు చదువనని పలికే కుమారుడు ఒక వృత్తిని మాత్రమే కాదు, ఆ ఊరి పుట్టుకకు గల హేతువునే నిరాకరిస్తున్నాడు.

ఈ కుమారునికి కళారూపం మరొక ఉక్కునగరమైన జంషెడ్‌పూరు కథలో లభించింది. విక్రమాదిత్య మోత్వానీ దర్శకత్వంలో 2010లో వచ్చిన హిందీ చిత్రం 'ఉడాన్'లో రోహన్ పదునేడేండ్లవాడు. సిమ్లా బడినుండి బహిష్కృతుడై, ఎనిమిదేండ్ల తరువాత ఇల్లు చేరుతాడు. తండ్రిని 'సర్' అని పిలువవలెను, అతని కర్మాగారంలో పని చేయవలెను, ఇంజనీరింగు చదువవలెను. అతనికి కావలసినదో, కవిత్వం.

బడినుండి వెళ్లగొట్టబడిన బాలుడనగానే శాలింజరు 1951లో ప్రకటించిన నవలలోని హోల్డెన్ కాల్‌ఫీల్డు స్మరణకు రాక మానడు. పోలిక పైపైది కాదు. ఇద్దరూ పెద్దల లోకపు కపటాన్ని సహింపలేరు. కాని న్యూయార్కు వీధులలో తిరిగే హోల్డెనును ఎవరూ తరుమరు. అతని శత్రువు నిరాకారం. రోహనుకు ఎదిరింపవలసిన శక్తి ఒకే ఇంటిలో, ఒకే ముఖంతో ఉన్నది.

ఇద్దరి తిరుగుబాటుకూ గీటురాయి వారికంటె చిన్నవారే. పెట్టె పట్టుకొని తానూ వస్తానని చెల్లెలు ఫీబీ నిలుచున్నప్పుడు హోల్డెన్ తన పయనం మానుకుంటాడు. రోహన్ పారిపోయి, తమ్ముడు అర్జున్ కొరకు తిరిగివచ్చి, వానిని వెంట తీసుకొని పోతాడు. ఒకడు బిడ్డ కొరకు ఆగినాడు. వేరొకడు బిడ్డతో కదలినాడు. తనను తాను రక్షించుకొనుట పలాయనం కావచ్చును. మరొకరి భారం మోసినప్పుడే అది ధర్మమవుతున్నది.

అయినను 'ఉడాన్'లో ఒక సౌలభ్యం ఉన్నది. తండ్రి క్రూరుడు, బిడ్డలను కొడతాడు. అట్టివానిని విడిచిపోయే కుమారుని ప్రేక్షకుడు సంశయింపడు. కాని భిలాయి వంటి ఊళ్లలో కుమారునికి ఎదురయ్యే తండ్రి తరచుగా సజ్జనుడు. షిఫ్టు ముగించి అలసి వచ్చినవాడు. తన అవసరాలు తగ్గించుకొని కోచింగుకు రుసుము కట్టినవాడు. తనకు అందనిది బిడ్డకు అందవలెనని కోరినవాడు. భిలాయికి ఐ.ఐ.టి. కూడ వచ్చింది. ఆ తండ్రి ఆశ ఇంటి ముంగిట నిలిచినట్లయింది. ద్వేషానికి లొంగకుండుట కష్టమే. ప్రేమకు లొంగకుండుట అంతకంటె కష్టం. దెబ్బకు బదులు చెప్పవచ్చును, త్యాగానికి బదులేమి చెప్పగలడు?

ఆ ప్రశ్నను మోయగల కథానాయకుడు పరుగులో తండ్రిని మించితే చాలదు. తండ్రి ముఖం చూచి, కృతఘ్నుడు కాకుండా, కాదని చెప్పగలగవలెను. రోహన్ పరుగు ముగిసిన చోటనే ఆ కఠినతరమైన కథ ప్రారంభమవుతున్నది.