క్రియాజన్యనామములు: ‘వ్రాయుట’, ‘వ్రాత’

చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) కృదంతములకుఁ బ్రత్యేక పరిచ్ఛేదము కలదు. అయినను మన బోధనలో ‘వ్రాయుట’, ‘వ్రాత’ అను రెండును భావార్థకములన్న యొక్క పేరితోనే ముగిసిపోవుచున్నవి. ఇది చాలదని నా యభిప్రాయము.

‘వాఁడు పద్యమును వ్రాయుట’ అనవచ్చును. ‘వాఁడు పద్యమును వ్రాత’ అనరాదు, ‘వాని వ్రాత’ అనవలెను. మొదటిది కర్తను, కర్మను విడువక క్రియవలెనే మెలఁగును. ‘వ్రాయకుండుట’ యని వ్యతిరేకమునకును లొంగును. రెండవది షష్ఠిని గోరును, ‘వ్రాతలు’ అని బహువచనము నందును, ‘వ్రాయుటలు’ వినఁబడదు. దీని యర్థమును నిలుకడగా నుండదు. ‘మేత’ మేయుట మాత్రమే కాదు, పశువు ముందు వేసిన గడ్డియు నదియే. ‘పడక’ పరుండు చోటు. (కోతలు కోయువాఁడు రైతే కానక్కఱలేదు!)

ఈ భేదము నెఱుఁగనివాఁడు ప్రాచీనకావ్యములలో ‘రాక’ యొద్దఁ దడఁబడును. ‘ప్రియుని రాక’ యన్నచో ఆగమనము. ‘ప్రియుఁడు రాక’ యన్నచో రాకపోవుట. రూపమొక్కటియే, అర్థములు పరస్పరవిరుద్ధములు. తీర్పు చెప్పునది ముందరి పదముయొక్క విభక్తి. మఱి ‘చెలి రాక’ యన్నచో? ‘చెలి’కిఁ బ్రథమయు షష్ఠియు నొక్క రూపమే. ‘చెలి రాకకు’ అని పైని విభక్తి చేరినచో నామమని తేలును. చేరనిచోఁ బ్రకరణమే దిక్కు.