అనాథ బాలుడు కథానాయకుడైన తీరు: ఒక విమర్శ

మీరు చిన్నప్పటి నుంచీ చూస్తున్న దృశ్యమే ఇది. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాడు పరుగెడుతుంటాడు. కెమెరా అతని కాళ్ల మీదికి దిగుతుంది. కాళ్లు పెద్దవవుతాయి, చెప్పుల స్థానంలో బూట్లు వస్తాయి. కెమెరా పైకి లేచేసరికి కథానాయకుడు నిలబడి ఉంటాడు, హాల్లో ఈలలు. పదేళ్లో పన్నెండేళ్లో ఆ పరుగులోనే గడిచిపోయాయి. ఆ ఏళ్లలో అతనికి అన్నం ఎవరు పెట్టారన్నదే ఈ పాఠంలో మనం అడగవలసిన ప్రశ్న.

రెండున్నర గంటల సినిమాలో ప్రతి ఏడూ చూపించలేరు కదా అని మీరనవచ్చు. నిజమే. అయితే ఆ నిడివిలోనే ఐదారు పాటలకూ, మూడు నాలుగు పోరాటాలకూ చోటు దొరుకుతుంది. దేన్ని వదిలెయ్యాలన్న నిర్ణయంలోనూ దర్శకుడి జీవితదృష్టి ఉంటుంది.

2005లో వచ్చిన రాజమౌళి చిత్రం 'ఛత్రపతి' తీసుకోండి. శ్రీలంక తీరం నుంచి చెదిరిపోయే క్రమంలో తల్లికి దూరమైన శివాజీ విశాఖ ఓడరేవుకు చేరతాడు. పెద్దయ్యేసరికి అతను ప్రభాస్. కాందిశీకుల వెట్టిచాకిరీనీ, తల్లి కోసం వెతుకులాటనూ ఈ చిత్రం బలంగానే చూపింది. ఆ మేరకు ఈ కోవలోని చాలా చిత్రాలకన్నా మెరుగు. కానీ అతను అంతటివాడు కావడానికి కారణాలుగా మనకు మిగిలేవి కండబలం, కోపం. కష్టం దానంతటదే మనిషిని పెంచి పెద్దచేస్తుందన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకంతోనే నాకు పేచీ. ఇక అనాథ ఆడపిల్లకు ఆ పరుగు కూడా దక్కదు. ఎక్కువగా నాయకుడు చేరదీసిన చెల్లెలిగానో, అతను కాపాడవలసిన నాయికగానో తెర మీదికి వస్తుంది.

మన విశ్వవిద్యాలయ ప్రాంగణం జూబ్లీహిల్స్‌లో ఉందని మీకు తెలుసు. అన్నపూర్ణ స్టూడియో, ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియో మనకు ఇరుగుపొరుగు. కిందికి దిగితే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, వేషం కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఉండే చోటు. తెర మీద వదిలేసిన ఆ ఏళ్లను ఇక్కడ చాలామంది గది అద్దె కట్టుకుంటూ గడుపుతున్నారు.

ఒక ఆదివారం తరగతి అయ్యాక ఒక విద్యార్థి ఆగిపోయాడు. షూటింగుల్లో లైట్‌బాయ్‌గా పని. బాలల సదనం నుంచి బయటికొచ్చి ఏడాదైందట. "సార్, ఫారంలో శాశ్వత చిరునామా అని ఉంది. ఏం రాయమంటారు?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. గది చిరునామానే రెండుచోట్లా రాయమన్నాను. ఆ తరవాత అతను పరీక్షలు రాశాడో లేదో కనుక్కోలేదు. ఆ తప్పు నాది.

సదనంలో ఆ కాళ్ల షాట్ లాంటిది 18 ఏళ్లు నిండిన రోజు. నిన్నటిదాకా పిల్లవాడు, ఇవాళ పెద్దవాడు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఈ ఇబ్బందిని గుర్తించి, సదనం విడిచినవారికి 21 ఏళ్లు నిండేదాకా అనంతర సంరక్షణ అనే ఏర్పాటు చేసింది. ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు పొడిగించవచ్చని 2016 నియమాలు చెబుతాయి. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ అద్దెలు తెలిసినవారు మిగతా లెక్క వేసుకోగలరు. అన్నిటికన్నా ముఖ్యంగా 46వ సెక్షన్‌లో క్రియను గమనించండి. ఆర్థిక సహాయం 'అందించవచ్చు' అంటుంది, 'అందించాలి' అనదు. భాషాసాహిత్యాలు చదువుకుంటున్న మీకు ఆ తేడా నేను వివరించనక్కర్లేదు.

మళ్లీ సినిమాకు వద్దాం. వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో నాలుగు ప్రేమకథలున్నాయి. బడిపిల్లవాడు సుందరం, కొట్లాటలకు వెళ్లే జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, 49 ఏళ్లు వచ్చినా పెళ్లికాని అటెండరు రాజు. నలుగురూ ఒక్కడేనని చివర్లో తెలుస్తుంది. (ఇంకా చూడనివారు మన్నించాలి, ఇది దాచి ఆ చిత్రం గురించి మాట్లాడలేం.) మధ్య ఏళ్లను దూకేయకుండా, ఒక్కో దశకు ఒక పూర్తి మనిషికి ఇవ్వవలసినంత చోటు ఇచ్చిందీ చిత్రం. జోసెఫ్‌ను చూస్తున్నంతసేపూ అతను ఎటైనా పోవచ్చన్న భయం మనకుంటుంది; కాళ్ల షాట్ ఆ భయాన్నే మననుంచి లాగేసుకుంటుంది. అయినా ఒక లోటుంది. ఏ దశలోనైనా అతని ముందున్న ప్రశ్న ప్రేమ ఒక్కటే. అతనికి గది ఇచ్చినవారు, పనిలో పెట్టినవారు కథ అంచుల్లోనే ఉండిపోయారు.

అభ్యాసం: అనాథగా మొదలయ్యే పాత్ర ఉన్న తెలుగు చిత్రం ఒకటి ఎంచుకోండి. ఆ పాత్ర 14వ ఏటి నుంచి 21వ ఏటి దాకా తెర మీద ఎన్ని నిమిషాలు కనిపించిందో గడియారం పెట్టుకుని రాసుకోండి. ఆ ఏళ్లలో ఆ పాత్ర తరఫున ఏదైనా కాగితం మీద సంతకం పెట్టిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, వారి గురించి ఒక పేజీకి మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో కౌన్సిలర్‌కు చూపండి.