పిచ్చివాడైతే కట్టేయొచ్చా?

2020 మే 16న విశాఖ హైవే మీద దళిత డాక్టర్ సుధాకర్‌ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఏప్రిల్‌లో మాస్కులు లేవని మాట్లాడి సస్పెండైన నర్సీపట్నం మత్తు డాక్టరాయన. తాగి గొడవ చేశాడని పోలీసులన్నారు. ఆ రోజే మానసిక వైద్యశాలకి పంపారు. మే 22న హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. 2021 మే 21న ఆయన చనిపోయాడు.

ఆయన పక్షాన చాలామంది చేసిన వాదన ఒకటే: “ఆయన పిచ్చివాడు కాదు.” ఈ వాదనలో ఒక ప్రమాదం దాగుంది. పిచ్చివాడైతే కట్టేయొచ్చా? డాక్టరు కాబట్టి, వీడియో ఉంది కాబట్టి దేశం చూసింది. డిగ్రీ లేని మాదిగ కూలీకో, నిజంగానే జబ్బు చేసిన యానాది ఆడమనిషికో ఈ వాదన ఏం రక్షణ ఇస్తుంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని ఈ ప్రశ్నతోనే చదవాలి. 97వ సెక్షన్ రోగిని ఒంటరి గదిలో బంధించటాన్ని పూర్తిగా నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని ఆపటానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, రికార్డు రాసి కట్టాలంది. శిక్షగా కట్టకూడదు, సిబ్బంది తక్కువున్నారనీ కట్టకూడదు. మంచిదే. కానీ ఈ నియమాలన్నీ ఆసుపత్రి గేటు లోపలివి. 95వ సెక్షన్ గొలుసుని నిషేధించింది గానీ, దాన్ని చేయకూడని “చికిత్స”ల జాబితాలో పెట్టింది. పోలీసుల గురించి చెప్పే 100వ సెక్షన్ లాకప్‌లో పెట్టొద్దంటుంది, 24 గంటల్లోపు ఆసుపత్రికి చేర్చమంటుంది. రోడ్డు మీద తాడు సంగతి మాత్రం ఎత్తదు. సుధాకర్ చేతులకి తాడు పడింది ఆ రోడ్డు మీదే, ఏ సైకియాట్రిస్టూ చూడకముందే.

ముందు కట్టేసి తర్వాత పేరు పెట్టటం కావలికి కొత్త కాదు. నేరస్థ తెగల చట్టం కింద ఇక్కడ ఎరుకల వాళ్లని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటులో ఉంచారు. వాళ్లని అదుపులో పెట్టింది ఎవరు ఏం దొంగిలించారని చూసి కాదు, ఏ కులంలో పుట్టారని చూసి. దాన్ని “సంస్కరణ” అన్నారు. ఒక్కొక్కరూ తాము దొంగలం కాదని రుజువు చేసుకున్నందుకు ఆ చట్టం పోలేదు. పుట్టుకని బట్టి బంధించటమే తప్పని ఒప్పుకుని మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దు చేశారు.

దళిత ఉద్యమం ఇక్కడా అలాగే అడగాలి. “మావాడికి పిచ్చి లేదు” అని కాదు, “పిచ్చి ఉన్నా కట్టొద్దు” అని. 97వ సెక్షన్ షరతులు పోలీసు జీపుకీ, ఇంటికీ, దర్గాకీ, చర్చికీ వర్తించాలి. ఎక్కడ కట్టినా రాతలో ఉండాలి, ఆ రాత బంధువుల చేతికి రావాలి. కట్టే చెయ్యి ఎవరిదో, కట్టించుకునే చెయ్యి ఎవరిదో లెక్క తీయాలి. ఆ లెక్కలో కులం గడి కూడా ఉండాలి.