ముసుగు తీసిన మనిషిని ఎవరు చూశారు?

ముసుగు వీరుల బొమ్మల కథలంటే అమెరికా పెట్టుబడి అమ్మే సరుకు అనే మాట ఉద్యమాల్లో ఉన్నవాళ్ల నోట తరచుగా వింటుంటాం. సగం నిజమే. పైనుంచి ఒకడు దిగివచ్చి కింది జనాన్ని ఉద్ధరిస్తాడన్నదే ఆ కథల్లో చాలావాటి సారం. అవతారాల కథలు విని విని విసిగినవాళ్లం, ఇంకో అవతారాన్ని నెత్తిన మోయాల్సిన అవసరం మనకేంది? అయినా అట్లాంటి కామిక్ ఒకదాన్ని గురించే రాస్తున్నాను. నచ్చింది గనక రాస్తున్నాను. చదువు, కొలువు, ఉద్యమం తప్ప ఇంకో దాని కోసం పుస్తకం పట్టుకుంటే తప్పు చేసినట్టు చూసే ఇళ్లనుంచి వచ్చాం. ఒక పుస్తకం మనకు ఎందుకు నచ్చుతదో తేల్చుకోవడం కూడా విమర్శ పనే.

'వాచ్‌మెన్'ను డీసీ కామిక్స్ 1986-87లో 12 సంచికలుగా అచ్చేసింది. రాసింది అలన్ మూర్, బొమ్మలూ అక్షరాలూ డేవ్ గిబన్స్‌వి, రంగులు జాన్ హిగ్గిన్స్‌వి. ముగ్గురూ ఇంగ్లండు వాళ్లు. మూర్ పుట్టింది నార్తాంప్టన్‌లో ఒక శ్రామిక కుటుంబంలో. తండ్రి బీరు తయారుచేసే చోట కార్మికుడు. బడి మూర్‌ను మధ్యలోనే వెళ్లగొట్టింది.

కథ హత్యతో మొదలవుతది. 1985 అక్టోబరు. న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ బ్లేక్ అనేవాణ్ణి ఎత్తయిన భవనం కిటికీలోంచి ఎవరో కిందికి విసిరేశారు. వాడు ఒకప్పటి ముసుగు వీరుడు, ప్రభుత్వం తరఫున చంపే పనులు చేసినవాడు. హంతకుణ్ణి వెతుకుతూ బయలుదేరేవాడు రోర్షాక్. ముఖానికి నలుపు తెలుపు మరకలు కదిలే ముసుగు. ఆ ముసుగు వెనక ముఖం ఎవరిదన్నది రెండో రహస్యం.

ఈ రెండో రహస్యంలోనే పుస్తకం పనితనమంతా ఉంది. మొదటి పేజీలోనే ఎర్రజుట్టు మనిషొకడు లోకం అంతం కాబోతోందనే అట్ట పట్టుకుని రోడ్డు మీది నెత్తురు తొక్కుకుంటూ పోతాడు. తర్వాత కూడా మళ్లీ మళ్లీ కనబడతాడు. మాసిన బట్టలు, ఎవరూ పలకరించని ముఖం. అయిదో సంచిక చివర పోలీసులు రోర్షాక్ ముసుగు లాగేస్తే కింద ఉన్నది ఆ ముఖమే! రచయిత దాచిందేమీ లేదు. పట్టపగలే మన కళ్ల ముందు తిప్పాడు. మనమే చూడలేదు. ఎందుకు చూడలేదు? రోడ్డు మీద పేదవాణ్ణి చూడకుండా దాటిపోవడం చదువుకున్న కంటికి అలవాటైపోయింది గనక. చూపుకు కులం ఉంటుందని మనం ఎన్ని వ్యాసాల్లో రాసుకున్నాం! ఆ మాటను ఈ కామిక్ వాదించి చెప్పదు, మన కన్ను చేతనే ఒప్పిస్తది.

ఆ పని మాటలొక్కటే చెయ్యలేవు. గిబన్స్ చాలావరకు పేజీని తొమ్మిది సమానమైన గళ్లుగా విభజించాడు. వీరుడికి పెద్ద గడి, మామూలు మనిషికి చిన్న గడి అనే ఎచ్చుతగ్గులు బాగా తగ్గిపోయినయి. అయిదో సంచికలో మొదటి పేజీ అమరిక చివరి పేజీకి అద్దంలా సరిపోతది, అట్లా రెండు కొసల నుంచి నడుచుకుంటూ మధ్య పేజీల్లో కలుసుకుంటది. హిగ్గిన్స్ మెరిసే ఎరుపు నీలాలను తగ్గించి ఊదా, నారింజ, ఆకుపచ్చ వాడాడు. అందుకే నెత్తురు పడ్డచోట కన్ను ఆగిపోతది.

అయితే రోర్షాక్ పేదవాడు గనక మనవాడైపోతాడా? తల్లి ఒళ్లమ్ముకుని బతికిన మనిషి, తాను బట్టల తయారీలో కూలి. అయినా వాడు నమ్మకంగా చదివేది, చివరికి తన డైరీ పంపేది 'న్యూ ఫ్రాంటియర్స్‌మన్' అనే పత్రికకు. అది క్లాన్ ముఠాను వెనకేసుకొచ్చే పత్రిక. కింద పుట్టినవాడు పైవాడి కర్ర పట్టుకుని కిందివాళ్ల మీదికే పోవడం మనకు తెలియని విషయమా? మూర్ వాణ్ణి ద్వేషించమనడు, పూజించమనడు. దగ్గర్నుంచి చూడమంటాడు.

ఇక హంతకుడు వైట్. లోకంలో అందరికంటే తెలివైనవాడు, కోటీశ్వరుడు. యుద్ధం ఆపడానికని న్యూయార్క్‌లో లక్షలమందిని చంపేస్తాడు. వాళ్లలో ఒక నాలుగురోడ్ల కూడలి జనం ఉన్నారు. పేపర్లు అమ్మే ముసలాయన, పక్కన కూచుని పైసా ఇవ్వకుండా కామిక్ చదివే నల్లపిల్లవాడు, టాక్సీ నడిపే ఆడమనిషి, జైల్లో రోర్షాక్‌కు వైద్యం చేసిన నల్లజాతి డాక్టరు మాల్కం లాంగ్. వదిలిపోతానని భార్య అంటున్నా లాంగ్ రోడ్డు మీద కొట్లాట ఆపడానికే పోతాడు. చివరి క్షణంలో ముసలాయన పిల్లవాణ్ణి కావలించుకుంటాడు. పన్నెండో సంచిక తెరిస్తే తొమ్మిది గళ్లు లేవు. ఆరు పేజీలు, పేజీకొక్క బొమ్మ, అన్నీ శవాలు. పేజీ మొత్తం మామూలు జనానికి దక్కింది, చచ్చిన తర్వాత.

నా పేచీ ఇక్కడే ఉంది. నల్లవాళ్లు ఈ పుస్తకంలో చదువుతారు, వైద్యం చేస్తారు, తోటిమనిషి కోసం నిలబడతారు, చచ్చిపోతారు. కథను మలుపు తిప్పే బలం మాత్రం వాళ్లకు లేదు. 1966లో వీరుల సమావేశంలో దేశానికున్న జబ్బుల పటంలో 'నల్లవాళ్ల అశాంతి' అని రాసి పెడతారు. వీరులకు ఆ జనం జబ్బుగా కనబడటాన్ని మూర్ పట్టుకున్నాడు, కానీ జబ్బన్న మాటకు ఆ జనం ఏమన్నారో వినిపించలేదు. మెడకు ఉరితాడు, తలకు సంచిలాంటి ముసుగు వేసుకున్న 'హుడెడ్ జస్టిస్' హిట్లర్‌ను మెచ్చుకున్నవాడని ఒక చోట చెప్పి వదిలేశాడు. 2019లో డామన్ లిండెలాఫ్ తీసిన టీవీ సీరియల్ ఆ తాడునే పట్టుకుంది. 1921లో టల్సాలో నల్లవాళ్ల మీద జరిగిన ఊచకోత నుంచి బతికి బయటపడ్డ పిల్లవాడు పెద్దయి పోలీసవుతాడు. తోటి తెల్లపోలీసులే అతణ్ణి ఉరి తీయబోయి వదిలేస్తారు. ఆ తాడే, ఆ ముసుగే వేసుకుని అతడు మొదటి వీరుడవుతాడు. ఉరితాడును చూడగానే ఇది ఎవరి మెడ అని అడిగినందుకే ఆ కథ పుట్టింది. మనం ఏ పుస్తకాన్నయినా అడగాల్సింది అదే.

ఈ పని మన దగ్గరా మొదలైంది. అంబేద్కర్ జీవితం మీద 2011లో వచ్చిన 'భీమాయణ'లో పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ మనుషుల్ని గళ్లలో బిగించడానికి ఒప్పుకోలేదు. ఒకరు గళ్లతో సమానత్వం వెతికారు, ఇంకొకరు గళ్లే వద్దన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి, మన పిల్లలచేత గీయించాలి.

మన ఊళ్లలో వాచ్‌మన్ అంటే ముసుగు వీరుడు కాదు. అపార్ట్‌మెంటు గేటు కాడ రాత్రంతా కూచునే మనిషి. వచ్చేపోయేవాళ్లందర్నీ చూస్తాడు, ఆయన్ను ఎవరూ చూడరు. ఆయన కథను గళ్లలో గీసేదెవరు?