వేరే గుమ్మం

అంగలకుదురులో మా వెనక వీధి రేకుల ఇంట్లో ఒక పిన్ని అద్దెకుండేది. కూలిపని. నోటి క్యాన్సర్. ఆసుపత్రిలో ఇక చేసేదేం లేదన్నాక ఇంటికి తెచ్చారు. మూడోరోజే ఇంటి ఓనరు వచ్చాడు. ‘‘ఏ ధనిష్ఠ నక్షత్రంలోనో పోయిందనుకో, ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టుకోవాలి. నా సంగతీ చూడమ్మా’’ అన్నాడు కూతురితో. చెడ్డవాడేం కాదు. ఆ అద్దె మీదే బతుకుతున్నాడు.

హాస్పిస్ అంటే నొప్పి తగ్గించడమేనని చదువుకున్నవాణ్ణి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పి లేచేదాకా ఆగకుండా వేళకు మార్ఫిన్ ఇమ్మంది. మార్ఫిన్ తీసే నల్లమందును చట్టప్రకారం పండించే దేశం మనది. అయినా 1985 మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుల్లో మార్ఫిన్ రోగికి అందకుండా పోయింది. 2014 సవరణతో కాస్త దారి దొరికింది. అయితే నాలుగు గంటలకోసారి ఇవ్వాలంటే రాత్రి రెండింటికి లేచే మనిషి కావాలి. కూతురేమో తెల్లారకముందే పనికి పోవాలి.

కొన్నాళ్లు రాత్రి వంతు నేను తీసుకున్నాను. తడిగుడ్డతో నోరు తుడవడం, దుప్పటి పట్టుకుని పక్క మార్చడం, మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు మరిచిపోకపోవడం ఒక నర్సమ్మ నేర్పింది. పుండు కడిగి మెట్రోనిడజోల్ బిళ్ల నూరి చల్లితే వాసన తగ్గుతుందని కూడా.

‘‘అబ్బాయ్, వాసనొస్తందా?’’

‘‘లేదు పిన్నీ.’’

ఆ అబద్ధం మాత్రం ఎవరూ నేర్పలేదు.

హైదరాబాద్‌లో రోటరీ వాళ్లు 2011లో పెట్టిన స్పర్శ్ హాస్పిస్‌లో పైసా తీసుకోరు. కానీ అంగలకుదురు నుంచి అక్కడికి మంచం పట్టిన మనిషినెలా చేర్చడం? తోడుండేవాళ్ల కూలి మాటేమిటి? కేరళ 2008లోనే ఇలాంటి రోగుల సేవకు ఒక విధానం రాసుకుంది. అక్కడ పంచాయతీల తరఫున నర్సు ఇంటికే వస్తుంది. మనకూ అదే కావాలి. అయితే నర్సు వచ్చేసరికి రోగి ఉండటానికి ఇల్లంటూ ఉండాలిగా!

పిన్నిని మా ఇంటికి తెద్దామన్నాను. అమ్మ మాట్లాడకుండా పంచాంగం తీసింది. కాసేపు తిరగేసి, మళ్లీ అలమారులో పెట్టేసింది.

‘‘ధాన్యం కొట్టుకు వేరే గుమ్మం ఉందిగా. అది కడిగించు’’ అంది.

నేనూ ఇంకేం అనలేదు.