పూర్ణమ్మకు పాట, సియొమారాకు నోటుబుక్కు

బెంగుళూరులో చదివే మనవరాలు ఈ వారం ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా మంచం మీద పడేసింది. ‘తిట్టేదానికన్నా చదువు తాతా’ అంది. ఎలిజబెత్ అసెవెడో రాసిన ‘ది పొయెట్ ఎక్స్’. 2018లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. నవలే గానీ అంతా పొట్టి పొట్టి పాదాలు. నా సంగతి మీకు తెలిసిందే. వచనాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేర్చినంత మాత్రాన కవిత్వమని ఒప్పుకునే రకం కాదు. తిట్టడానికే మొదలుపెట్టి, అన్నం చల్లారిపోయేదాకా చదివాను.

సియొమారా న్యూయార్క్ హార్లెంలో పెరిగే పదిహేనేళ్ల పిల్ల. తల్లికి చర్చి తప్ప వేరే లోకం లేదు. కూతురు నోరు విప్పితే దెబ్బ. చెప్పుకోలేనిదంతా పిల్ల నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ నోటుబుక్కును తల్లి కాల్చేస్తుంది.

ఇదేం కొత్త, మనకు గురజాడ పాటలో పూర్ణమ్మ లేదా అనుకున్నాను. డబ్బుకు ఆశపడి కన్నతండ్రే ముసలివాడికి కట్టబెట్టిన పూజారిగారి అమ్మాయి. గురజాడ 1915లో పోయాడు, ఆ పిల్ల మాత్రం ఇంకా మన బడుల్లో తిరుగుతూనే ఉంది. పైగా ఆ పాటలో నడక ఉంది, నాలుగేసి మాత్రలు తాళం వేసినట్టు పడతాయి. కథను పద్యంలో చెప్పడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమంతా ద్విపదలోనే నడిపించాడు. మన తరిగొండ వెంగమాంబ బాల్యంలోనే విధవ అయింది. గుండు చేయించుకోనని ఊరికి ఎదురుతిరిగింది. కొండకు చేరి, ద్విపదల్లోనూ యక్షగానాల్లోనూ తన గొంతు తనే వినిపించుకుంది. ఈ లెక్కన అమెరికా పుస్తకానికి నేను మార్కులు తక్కువే వేయాలి.

కానీ బడిలో పూర్ణమ్మ పాఠం చెప్పిన రోజులు గుర్తుకొచ్చాయి. వార్షికోత్సవం అంటే ఆ పాట ఉండాల్సిందే. గొంతు బాగున్న పిల్లను ఏరి, పట్టుపావడా కట్టించి, జడకుచ్చులు పెట్టి నిలబెట్టేవాళ్లం. పూర్ణమ్మ అన్నదమ్ముల దగ్గర సెలవు తీసుకునే చోటికి రాగానే ముందు వరసలో పెద్దమనుషులు కండువాతో కళ్లు తుడుచుకునేవాళ్లు. పదో తరగతి పరీక్షలు కాకముందే కూతురికి పెళ్లి కుదిర్చి, కార్డులు కూడా అచ్చేయించుకున్న ఆయనా అందులో ఉండేవాడు. తుడుచుకోవడంలో ఆయనే ముందు. బాగా పాడిందని పిల్లకు నూటపదహార్లు చదివించి, ఇంటికెళ్లి పెళ్లిపనులు చూసుకున్నాడు.

ఆ రోజు కోపమంతా ఆయన మీదే. ఇప్పుడు నా అనుమానం ఆ తాళం మీదికి మళ్లింది. నడక అంత తియ్యగా ఉంటే ఎవరికి గుచ్చుకుంటుంది? పూర్ణమ్మ చివరిదాకా ఎవరినీ నిలదీయదు, అందరినీ దీవించి గుడి దారి పడుతుంది. సియొమారా పాదాలను కూనిరాగం తీయలేం. మాట సగంలో తెగుతుంది, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డట్టు. నేను ఇన్నేళ్లూ వెక్కిరించిన ఆ ఖాళీ జాగాలో పిల్ల మింగేసిన మాట ఉంది. అక్కడ గణాలు సరిచూస్తే ఆ మాట బయటికి రాదు.

ఇట్లాంటిది మన యాసలో ఒకటి రావాలి. మిట్టూరు మాటను నామిని అచ్చుకెక్కించాడు కాబట్టి భాషకు లోటు లేదు. మన మండలంలోనే, దామలచెరువులో ఉండి మధురాంతకం రాజారాం బడిపంతులు ఉద్యోగం చేస్తూ కథలు రాశాడు కాబట్టి ఊరు చిన్నదనే సాకూ లేదు. అడ్డమల్లా అమ్మానాయనలను దేవుళ్లుగా తప్ప చూపించకూడదనే మన నియమం. పిల్లల కవితల పోటీ ఏదైనా చూడండి, అమ్మ ప్రేమ, నాన్న త్యాగం. బెల్టు దెబ్బ మీద రాసిన పిల్లకు కన్సొలేషన్ కూడా రాదు. ఒకవేళ వచ్చినా కష్టమే, పేపర్లో ఫొటో పడితే సాయంత్రం ఇంట్లో ఎవరు కాపాడతారు?

అందుకని, రాసినవాళ్లు నాకు పంపాలనుకుంటే పేరు పెట్టొద్దు. కవరు వెనక ఫ్రం అడ్రసు అసలే వద్దు. చేతిరాత చూసి ఎవరింటి పిల్లో చెప్పేవాళ్లు పాకాలలో చాలామందే ఉన్నారు, వీలైతే టైపు చేయించి పంపండి.