ఆదివారం పొద్దున్నే గాబ్లిన్లు

ఆదివారం పొద్దున ఏడున్నర. నాలుగు ఊళ్ల నుంచి ఆన్‌లైన్‌లో ఆడే మా ఆటకు కుదిరిన ముహూర్తం అది. అది కుదరడానికి చూసిన పంచాంగం మాత్రం పెద్దదే. హైదరాబాద్‌లో ఏడున్నరంటే డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిది, మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. జూన్, జూలై నెలల లెక్క ఇది. అక్టోబర్ మొదటి ఆదివారం మెల్‌బోర్న్ తన గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుంటుంది, అక్కడ ఒంటిగంటవుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గంట వెనక్కి తిప్పుకుంటుంది, డాలస్‌లో ఎనిమిదవుతుంది. గుంటూరు, హైదరాబాద్ మాత్రం ఏడాది పొడుగునా ఎక్కడివక్కడే. లండన్‌లో ఉన్న ఇంకో స్నేహితుడికి ఇదే వేళ ఎండాకాలంలో తెల్లవారుజాము మూడు, చలికాలంలో రెండు. అందుకని వాడు ఆటలో లేడు. వాట్సాప్ గ్రూపులో ఉండి, అయిపోయిన ఆటకు సలహాలిస్తుంటాడు.

ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు ఆట నడుపుతారు. ఆయన డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. ఎదురుగా ఏముందో డీఎం చెబుతాడు, ఏం చేస్తారో ఆటగాళ్లు చెబుతారు, పని జరుగుతుందా లేదా అన్న సందేహం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తెచ్చిన ఆట ఇది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో మొదలైంది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. అప్పటిదాకా బల్లమీద బొమ్మ సైనికుల దండుల్ని మోహరించి యుద్ధాలాడేవారు. దండు తీసేసి ఒక్కొక్కరికి ఒక్క వీరుణ్నే ఇచ్చి, ఆ వీరుణ్ని కోట కింది సొరంగాల్లోకి దింపడం ఆర్నెసన్ చేసిన పని. మిగతాదంతా అక్కడినుంచి పుట్టిందే. మేం ఆడేది 2014లో వచ్చిన అయిదో కూర్పు. 2024లో సవరించిన పుస్తకం వచ్చింది గానీ మావాళ్లెవరూ మళ్లీ కొనే ఉత్సాహం చూపలేదు. అసలు మొదలుపెట్టడానికి కొనాల్సిన పని కూడా లేదు. లైసెన్సు గొడవ ముదిరి ఆటగాళ్లు తిరగబడ్డాక, 2023లో ఆటను ప్రచురించే కంపెనీ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది.

ఇక సన్నాహం సంగతి. కొత్తగా డీఎం అయినవాళ్లు నవల రాసుకుని వస్తారు. రాజుగారి మరణం, దాయాదుల కుట్ర, నాలుగో వారం బయటపడాల్సిన రహస్యం. రాజుగారి అంత్యక్రియలకు వెళ్లాల్సిన వీరులేమో గుర్రాల సంతకు బయల్దేరతారు. అప్పుడు డీఎం వాళ్లను బతిమాలి వెనక్కి తెస్తాడు, లేకపోతే సంత దారిలో వంతెన కూల్చేస్తాడు. వంతెన ఎందుకు కూలిందో నలుగురికీ తెలుసు. ఆ క్షణం నుంచి వాళ్లు ఆడటం మానేసి వినడం మొదలుపెడతారు. వినడానికైతే ఇంతకన్నా మంచి నవలలు బోలెడున్నాయి.

నన్నడిగితే, ఈ పని నేర్చుకోవడానికి మనకున్న మంచి పుస్తకం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడు కాశీకి నడిచి వెళ్లాలి, తోడు కావాలి. పశువులు కాసే కుర్రాడొకడు వస్తానంటాడు, ఒక షరతు మీద: దారిలో తాను చూసి అడిగిన వింతకల్లా మజిలీలో కథ చెప్పాలి. ఆ షరతులోనే ఉంది కిటుకంతా. చెప్పేవాడికి కథలన్నీ తెలుసు. అయినా ఏ పూట ఏ కథ అన్నది ఆయన చేతిలో లేదు, కుర్రాడి కన్ను దేనిమీద పడిందో దాన్ని బట్టి ఉంటుంది. డీఎం చేయాల్సిందీ అదే. కాకపోతే మణిసిద్ధుడి దగ్గర మహిమ గల మణి ఉంది, మన దగ్గర ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితం ఒకటి చూపిస్తాను. వీరులు నది దాటాల్సిన వారం. పైన మొదటి సన్నివేశం: చీకటి పడుతోంది, రేవులో ఒకటే పడవ, పడవలో రక్తం, సరంగు కడుగుతున్నాడు. దాని కింద ముగ్గురు మనుషులు, మనిషికో కోరిక. సరంగుకు రాత్రిపూట నది మీదికి పోకుండా ఉంటే చాలు. సుంకం వసూలు చేసే అధికారికి ఆ పడవ తనది కావాలి. అవతలి ఒడ్డున దీపం పెట్టే ముసలామెకు ఎవరో ఒకరు రావాలి, ఎవరైనా సరే. మిగతా సగం పేజీ గుట్లు. నీళ్లలో ఉన్నది మొసలి కాదు. సుంకం సొమ్ము కోటకు చేరడం లేదు. దీపం పెట్టే ఆమె సరంగు తల్లి, పోయి మూడేళ్లయింది. ఇలాంటివి పది దాకా. ఏ గుట్టు ఎవరి నోట వస్తుందో, ఎక్కడ దొరుకుతుందో మాత్రం రాసుకోను. ఈ పద్ధతి మైక్ షే అనే ఆయనది. బద్ధకపు డంజన్ మాస్టర్లకని పుస్తకాలే రాశాడు. బద్ధకస్తులకు ఇంత గౌరవం దక్కిన చోటు ఇంకొకటి నాకు తెలియదు.

ఆ ఆదివారం రేవును బాగానే వర్ణించాను. రక్తం, చీకటి, నీటి చప్పుడు. గుంటూరు నుంచి మా బావమరిది అడిగాడు:

"బావా, ఆ రేవులో టీ కొట్టుందా?"

కాగితంలో టీ కొట్టు లేదు. "ఉంది" అన్నాను.

మెల్‌బోర్న్‌లో ఉండే మా క్లాస్‌మేట్‌కు ఒళ్లు మండింది. "తమ్ముడూ, టీ తాగడానికొచ్చామా? అక్కడ పడవలో రక్తం ఉంది!"

"రక్తం ఎక్కడికీ పోదక్కా. టీ చల్లారిపోద్ది."

తర్వాత ముప్పావు గంట ఆటంతా టీ కొట్టులోనే. కొట్టు నడిపే ఆమెకు అప్పటికప్పుడు ఒక కోరిక కావాలి. సుంకం అధికారి ఖాతా బాకీ పడ్డాడు, ఆ బాకీ వసూలు కావాలి. అంతే, మనిషి తయారైంది. సుంకం సొమ్ము కోటకు చేరడం లేదన్న గుట్టు ఆమె నోట వచ్చేసింది. కోటకే కట్టనివాడు నాకేం కడతాడమ్మా అంది. అదే గుట్టు సరంగు చెప్పాలని రాసుకుని ఉంటే, సరంగు పక్కనే పడి ఉండేది. పడవలో రక్తం ఎవరిదో ఆ వారం తేలనే లేదు, ఎవరూ అడగలేదు. మధ్యయుగపు యూరప్‌లాంటి లోకంలో టీ కొట్టెక్కడిదని అడిగే శాస్త్రకారులుంటారు. డ్రాగన్‌ను ఒప్పుకున్నవాళ్లు అల్లం టీని ఒప్పుకోలేరా?

తప్పనిసరిగా తెలియాల్సిన సంగతికి మాత్రం ఒక్క ఆధారం సరిపోదు, మూడు పెట్టమంటాడు జస్టిన్ అలెగ్జాండర్ అనే ఆటల రచయిత. ఆయన మాట విన్నాక నా ఆటలో దారి తెలియక నిలబడిపోయే పూటలు తగ్గాయి.

ఎదురెదురుగా కూర్చుని ఆడేటప్పుడు ఇవన్నీ కొంచెం అటూఇటూ అయినా గదే సర్దేస్తుంది. అందరూ ఒకేసారి అరుస్తారు, పక్కవాడి చెవిలో జోకులు వేస్తారు, తినడానికి ఏదో ఒకటి ఉంటుంది. డిస్కార్డ్ కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్కా తెలియదు. అందుకని ఇద్దరూ ఆగుతారు, ఇద్దరూ "నువ్వు చెప్పు" అంటారు, మళ్లీ ఇద్దరూ ఆగుతారు. కెమెరా ఆపేసినవాడు ఆటలో ఉన్నాడో తాలింపులో ఉన్నాడో చెప్పలేం. అంచేత నేను "ఇప్పుడేం చేద్దాం?" అని గుంపును అడగను. పేరు పెట్టి ఒక్కరినే అడుగుతాను, తర్వాత ఎవరి వంతో కూడా అప్పుడే చెబుతాను. ఇంట్లో అయితే ఆరుగురితో ఆడించవచ్చు, కాల్‌లో నలుగురు దాటితే ఎవరో ఒకరు మెల్లగా ఫోన్‌లోకి జారుకుంటారు. రెండున్నర గంటలు దాటినా అంతే. డాలస్‌లో ఉన్నది భార్యాభర్తలు. ఒకే గదిలో రెండు లాప్‌టాప్‌లు పెడితే ఒకరి మాట ఇంకొకరి మైకులోంచి తిరిగొస్తుంది. ఆయన వంటింట్లో, ఆమె పడగ్గదిలో కూర్చుంటారు. పోరాటంలో మాత్రం ఒకరి వెన్ను ఒకరు కాస్తుంటారు.

పటాల గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఆన్‌లైన్‌లో పటాలు చూపడానికి రోల్20 ఉంది, ఫౌండ్రీ ఉంది. ఫౌండ్రీ డీఎం ఒక్కడు ఒకసారి కొంటే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్‌లో వచ్చేస్తారు. కానీ అది నడిచేది నా కంప్యూటర్ మీద. ఇక్కడ కరెంటు పోతే మొత్తం లోకానికే ప్రళయం. వీటిలో గోడలు గీయవచ్చు, దివిటీ వెలుగు ఎంతదూరం పడుతుందో చూపవచ్చు, చూడని గదుల్ని చీకట్లో దాచవచ్చు. అన్నీ అందంగా ఉంటాయి, అన్నీ శనివారం రాత్రిని మింగేస్తాయి. పైగా పటం చూపిస్తే ఆటగాళ్లు పటంలో ఉన్న తలుపులే చూస్తారు. టీ కొట్టు అడగరు. అందుకని పోరాటమొచ్చి, ఎవరెక్కడ నిలబడ్డారన్నది తేలాల్సి వచ్చినప్పుడే పటం తీస్తాను.

ఆ పోరాటాల లెక్క కూడా ఆన్‌లైన్‌లో వేరు. 2014 నియమాల్లో గాబ్లిన్ అనే మామూలు చిన్న రాక్షసుడికి ఏడు హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క; కవచం 15, అంటే దెబ్బ తగలాలంటే అంత రావాలి. మొదటి మెట్టులో ఉన్న యోధుడికి సాధారణంగా అయిదు కలుస్తుంది కనుక పాచిక మీద పదో ఆపైనో పడాలి. అంటే ఇరవైలో తొమ్మిది పాళ్లు దెబ్బ తప్పుతుంది. బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు తప్పిన దెబ్బకు నవ్వుకుంటారు. కాల్‌లో తప్పిన దెబ్బంటే మళ్లీ తన వంతు వచ్చేదాకా మౌనంగా కూర్చోవడం. అందుకే మా గాబ్లిన్లు తక్కువమంది వస్తారు, సగం మంది పడగానే పారిపోతారు. వాళ్లకూ ఒక కోరిక ఉంటుంది మరి, బతకాలని. ఇక డాలస్ మిత్రుడు సాఫ్ట్‌వేర్ పాచికల్ని నమ్మడు, చేత్తోనే వేసి అంకె చెబుతాడు. ఇరవై పడే అవకాశం నూటికి అయిదు. "ఆయనకు అంతకన్నా ఎక్కువే పడుతున్నాయి అన్నయ్యా, మీరు నమ్మేస్తున్నారు" అని ఆయన భార్య ఫిర్యాదు. నేను నమ్మేస్తూనే ఉన్నాను. పాచిక కనపడాల్సిందేనని పట్టుబడితే మిగిలేది ఆడిట్.

కథ మొదలవకముందు ఒక పూట కేవలం మాట్లాడుకోవడానికి పెట్టుకోవాలి. దీన్ని సెషన్ జీరో అంటారు. ఎలాంటి కథ కావాలి, భయం ఎంత, హాస్యం ఎంత, ఏవి అసలే వద్దు. డాలస్‌లో చంటిపాప ఉంది, పిల్లలకు హాని జరిగే సన్నివేశం వద్దంది వాళ్లమ్మ. మెల్‌బోర్న్ ఆమె పనిచేసేది ఆస్పత్రిలో, ఆదివారం కూడా రోగాలు వద్దంది. రేవు కథలో చనిపోయినది సరంగు కొడుకు కాకుండా తల్లి కావడానికి, అదీ రోగంతో కాకపోవడానికి కారణం ఇదే. ఆట మధ్యలో ఎవరికైనా ఇబ్బందైతే చాట్‌లో ఎక్స్ అని ఒక్క అక్షరం కొడితే చాలు, కారణం చెప్పనక్కర్లేదు, సన్నివేశం మారిపోతుంది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్‌ను మేం చాట్‌లోకి తెచ్చుకున్నాం. ఇదంతా అతి సున్నితం అని నవ్వేవాళ్లున్నారు. ఎదుటి మనిషి ముఖం అగ్గిపెట్టెంత కనపడే చోట ఇంకెలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి.

మరొక్కటి. ఏళ్ల తరబడి సాగే మహాకథను ఎవరూ తలపెట్టొద్దంటాను. నేను చూసిన క్యాంపెయిన్లలో చాలావరకు మధ్యలోనే నిలిచిపోయాయి. ఒకరికి ప్రమోషన్, ఒకరికి ప్రసవం, ఒకరికి ఇల్లు మారడం. ఆరేడు వారాల్లో ముగిసే కథ రాసుకుంటే, మధ్యలో ఎవరు వెళ్లిపోయినా ఒక మజిలీ పూర్తయినట్టే ఉంటుంది. నలుగురిలో ముగ్గురొస్తే ఆట ఆడేస్తాం. రానివాళ్ల పాత్ర గుర్రాలకు కాపలా కాస్తుంది, దోపిడీలో వాటా మాత్రం తగ్గదు. మా బావమరిది బ్యాంకు ఉద్యోగి. మార్చి నెలంతా అతని దొంగ గుర్రాల దగ్గరే ఉన్నాడు. ఏప్రిల్‌లో తిరిగొచ్చి, ఇన్నాళ్లు కాసిన గుర్రాలకు పేర్లయినా ఉన్నాయా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మెల్‌బోర్న్ ఆమె పెట్టేసింది. ఒకటి పంచకల్యాణి, రెండోది బుల్లెట్, మూడోది బ్యాంకు మీద గౌరవంతో ఈఎంఐ. ఎక్కడికెళ్లినా వెంటే వస్తుందట. వచ్చే ఆదివారం కాగితంలో ఈఎంఐకి కూడా ఒక కోరిక రాయాలి.